మడిలో నేర్చిన ఇంగ్లీషు

చింతపండు పిసుకుతూ నేను సిమిలీ అంటే ఏమిటో నేర్చుకున్నాను. మెటఫర్ కంద చెక్కు తీస్తున్నప్పుడు వచ్చింది. మా ఇంట్లో మడి కట్టుకున్న మనిషి పుస్తకం ముట్టుకోకూడదు. అట్ట, జిగురు, ఎవరెవరి చేతులో తగిలిన కాగితం, అన్నీ మైలే. అందుకని మా అమ్మాయి శ్రీకరి వంటింటి గడప అవతల కూర్చుని పైకి చదివేది. నేను పొయ్యి దగ్గర నుంచి వినేదాన్ని. దాని ఇంటర్ ఇంగ్లీషు క్లాసులోనూ ఇవే మాటలు నేర్పిస్తున్నారు కాబట్టి, ఒక్క చదువుతో ఇద్దరం గట్టెక్కుతామని మా ఆశ.

పెళ్ళికి ముందు నేను కార్వేటినగరం నుంచి రోజూ బస్సెక్కి పుత్తూరు వెళ్ళి బి.ఏ. చదివాను. ఆఖరి ఇంగ్లీషు పేపరు రోజునే నిశ్చితార్థం పెట్టారు. మంచి ముహూర్తం మళ్ళీ దొరకదన్నారు. పేపరుదేముంది, ఎప్పుడైనా రాసుకోవచ్చన్నారు. పద్దెనిమిదేళ్ళకు ఆ ఎప్పుడైనా వచ్చింది. పాత పేపర్లు మిగిలిపోయినవాళ్ళకు ఈ ఒక్కసారికీ అవకాశం ఇస్తున్నారని, ఇది తప్పితే ఇక లేదని శ్రీకరే చెప్పింది. డిగ్రీ చేతికొస్తే మా వీధి చివరి బడిలో చిన్న క్లాసులకు టీచరుగా తీసుకుంటామన్నారు. ఆ ఉద్యోగం నాకు కావాలి. అంతకన్నా, మా అమ్మ మధ్యలో ఆగిపోయిన మనిషి అని నా కూతురు అనుకోకూడదు.

చిత్రమేమిటంటే, ఆ మాటలన్నీ నాకు చప్పున ఎక్కేవి. సాలిలోక్వీ అంటే స్వగతం. పక్కనున్న పాత్రలకు వినపడకుండా, ప్రేక్షకులకు మాత్రం వినపడేట్టు తనలో తాను మాట్లాడుకోవడం. నేను చేసేది అదే, కాకపోతే నాకు ప్రేక్షకులు లేరు, ఉడికే పప్పు ఉంది. ఇంకోరోజు ఫ్లాట్ క్యారెక్టర్ వచ్చింది. "కథ మొదట్లో ఎట్లుండాదో చివర్లోనూ అట్లే ఉండే పాత్ర," అని చదివి, ఉదాహరణ చెప్పమంది శ్రీకరి. నేను గరిటె తిప్పుతూనే ఉన్నాను. అది తలెత్తి నన్ను చూసి, గబగబా పేజీ తిప్పేసింది. పిల్లకు అర్థమైపోయిందని నాకు చాలా సిగ్గేసింది.

మా ఆయన శేషసాయి గుడి పోటులో, అంటే స్వామి వంటశాలలో పనిచేస్తారు. ఆయన చేతి పులిహోరకు జనం వరుస కడతారు. ఇంట్లో మాత్రం మంచినీళ్ళు కూడా ముంచుకోరు. కొత్తలో ఒకసారి ఒళ్ళు కాలిపోయే జ్వరంతో, ఈ పూటకు మీరు వండరాదా అని అడిగాను. ఆడ చేసేది కైంకర్యం, ఈడ చేసేది ఆడవాళ్ళ పని అన్నారు. ఆ ముక్క అన్నాక హాయిగా నిద్రపోయారు కూడా. ఇప్పుడు నా చదువు సంగతి తెలిసి, రేపటినుంచి ఇంగ్లీషులో వడ్డిస్తావా ఏంది అని నవ్వారు. అందరూ నవ్వారు కాబట్టి నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు నా మీద నాకే మండింది.

హాల్ టికెట్ వచ్చాక చూస్తే, పరీక్ష రోజే మామగారి తద్దినం. సూళ్లూరుపేట నుంచి మా బావగారు వచ్చి కర్తగా కూర్చుంటారు. ఈయన అన్న పక్కన కూర్చుంటారు. అత్తమ్మకు మోకాళ్ళు లేవవు. వంట నాది. ఏం అడగాలో, ఎంత గట్టిగా అడగాలో మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో. తీరా నోరు తెరిస్తే పోట్లాటే రాలేదు. అత్తమ్మ ఎంతో మెత్తగా చెప్పింది.

"దానికేముందే వల్లీ. శ్రీకరికి పోయినేడు సమాశ్రయణం అయింది, భుజాన శంఖచక్రాలు పడినాయి. వంటకు అర్హత ఉండాది. అది మడి కట్టుకుంటాది, నేను గడపలో కూర్చోని చెప్తా. నువ్వు పోయి రాసి రా."

ఒక్కరోజు కాలేజీ మానితే ఏమీ కాదని శ్రీకరి నన్ను వాటేసుకుంది. నాకు సంతోషంతో కళ్ళనీళ్ళు వచ్చాయి. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకు ఇంకేమీ తట్టలేదు.

పరీక్ష రోజు పొద్దున అది చన్నీళ్ళు పోసుకుని, నా మడిచీర కచ్చ పోసి కట్టుకుని వచ్చింది. చీర దానికి మరీ పెద్దదైంది. చెంగు జారకుండా పంటితో పట్టుకుని బియ్యం కడుగుతోంది. నేను చెప్పులేసుకుంటుంటే ఈయన, "చూసినావా, నిన్ను ఎవరు ఆపినారు?" అన్నారు. అత్తమ్మ మనవరాలిని మురిపెంగా చూస్తూ, "ఇంక నాకు దిగులు లేదు. అమావాస్యకీ దీన్నే మడి కట్టుకోమంటా. నువ్వు నిదానంగా సదువుకో," అంది. ఆమె మంచికే అంది. ఆటో ఎక్కాను గానీ, ఆ మాట నన్ను వదలలేదు.

పరీక్ష హాల్లో అందరూ నా ఈడువాళ్ళో, ఇంకా పెద్దవాళ్ళో. ఒకామె బెంచీ కింద చంటిపిల్లాడి పాలసీసా పెట్టుకుంది, మనవడేమో. పేపరిచ్చారు. మొదటి ప్రశ్న: ఐరనీ అంటే ఏమిటి, సొంత ఉదాహరణతో రాయండి. తలచిన దానికి సరిగ్గా ఎదురు జరగడం, అని నిర్వచనం రాశాను. ఉదాహరణ కోసం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఒక్క వాక్యం రాసి, దాన్నే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు నల్లేరు గుర్తొచ్చింది. తద్దినానికి నల్లేరు పచ్చడి తప్పదు. ఆ కాడలు ఈనె తీసేముందు చేతులకు నూనె రాసుకోకపోతే ఒకటే దురద, మంట. ఆ సంగతి పిల్లకు నేను చెప్పలేదు. అత్తమ్మ చెప్పి ఉండదు, ఆమె చేతులకు ఆ మంట ఎన్నడో తెలియకుండా పోయింది. రెండో ప్రశ్న నాకు బాగా వచ్చు. మూడోదీ వచ్చు. పేపరిచ్చేసి లేచాను. ఇంకా చాలా టైముందమ్మా అని పర్యవేక్షకురాలు రెండుసార్లు చెప్పింది.

ఇంటికొచ్చేసరికి హాల్లో మంత్రాలు మొదలయ్యాయి. వంట ముక్కాలు భాగం అయింది. శ్రీకరి రెండు చేతులూ ఎర్రగా పొంగి, వేళ్ళు ముడవలేకుండా ఉన్నాయి. ఆ చేతులతోనే గారెలపిండి రుబ్బుతోంది. ఏడవడం లేదు, పళ్ళు బిగపట్టుకుని ఉంది. నేనెందుకు అంత తొందరగా వచ్చానో అత్తమ్మకు అర్థం కాలేదు. నా చూపు ఎక్కడుందో చూసి, "మొదట్లో అందరికీ అంతేలే. నాకూ వచ్చింది, నీకూ వచ్చింది. చేతులు అలవాటు పడతాయి," అంది.

నేను వీధిలోంచి వచ్చిన బట్టలతో గడప దాటి వంటింట్లోకి వెళ్ళి, నా కూతురి రెండు చేతులూ పట్టుకున్నాను.

అత్తమ్మ కేక పెట్టింది. అన్నం, పప్పు, పాయసం, అన్నీ మైలపడ్డాయి. ఈయన హాల్లోంచి పరుగున వచ్చారు. కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది ఆ మొహంలో. బ్రాహ్మలు వచ్చి కూర్చున్నారని, ఇప్పుడు ఇదంతా మళ్ళీ ఎవరు చేయాలని అడిగారు.

"మీరు," అన్నాను. "మీ నాయన తద్దినం. వంట మీకు వచ్చు."

ఆయన నన్ను చూశారు, పొయ్యిని చూశారు. ఏం చేస్తారో చూడటానికి నేను నిలబడలేదు.

పెరట్లో కుళాయి దగ్గర కూర్చోబెట్టి దాని చేతులకు చింతపండు నీళ్ళు పోసి మెల్లగా రుద్దాను. అప్పుడు ఏడ్చింది. నావల్లే నీ పరీక్ష పోయిందా అమ్మా అంది. కాదన్నాను. ఎన్ని జవాబులు రాసినావని అడిగింది. ఒకటే అన్నాను. పాసవుతావా అంటే, కానని చెప్పాను.

శ్రీకరి ముక్కు తుడుచుకుని, "ఆ ఒక్కటీ ఏం రాసినావు?" అంది.

"నా కూతుర్ని పుస్తకం ముందు నుంచి లేపి పొయ్యి ముందు నిలబెట్టి, నేను చదువుకున్నదాన్ని అనిపించుకోడానికి వచ్చినాను, అని రాసినాను."