బొగ్గుల వాసన

బొగ్గులు రాజుకున్నాయో లేదోనని ఇస్త్రీపెట్టె మూత ఎత్తి ఊదాడు. రెండుసార్లకే ఆయాసం వచ్చి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. పెళ్ళైనప్పటి నుంచీ అదే బల్ల, అదే పెట్టె. ఆ బరువుకు కుడి భుజం కాస్త కిందికి జారింది. కాలరు మడత చూసి ఇది అతని పనేనని వీధిలో ఎవరైనా చెబుతారు. అంతకు మించి అతని గురించి చెప్పుకోవడానికి ఎవరికీ ఏమీ లేదు.

మర్నాడు ఆసుపత్రిలో చేరాలి. గుండెకు బైపాస్ ఆపరేషన్.

"షుగరుంది, వయసు మీద పడింది. వాటినేం చేయలేం. సిగరెట్ మాత్రం మీ చేతిలో ఉంది," అన్నాడు డాక్టరు కిందటి వారం. "ఇంకా తాగుతుంటే చెప్పండి, ఆపరేషన్ వాయిదా వేద్దాం. లేకపోతే తర్వాత ఊపిరితిత్తులు తట్టుకోలేవు."

"ఎప్పుడో మానేశాను సార్."

పక్కనున్న భార్య అంతకంటే గట్టిగా చెప్పింది. "ఒట్టు సార్. ఆ కంపు నాకు తెలీదా?"

తెలియదు. అతని ఒంటి నిండా ఎప్పుడూ బొగ్గుల వాసనే. ఆ పొగలో ఇంకో పొగ కలిస్తే పోల్చుకోవడం ఎవరి తరం? వాయిదా అంటే మళ్ళీ మొదటి నుంచీ భయపడాలి. ఒకసారి కూడగట్టుకున్న ధైర్యం రెండోసారి రాదని అతని దిగులు. పాపం, అందుకే అబద్ధమాడాడు.

సాయంత్రం చివరగా తన చొక్కానే ఇస్త్రీ చేసుకున్నాడు, ఇంటికొచ్చే రోజు కోసం. బొగ్గులు బూడిదయ్యాక సిగరెట్ ఒకటి వెలిగించాడు. భార్య అడుగుల చప్పుడుకు దాన్ని గబుక్కున పెట్టెలో పడేసి మూత వేశాడు.

"ఊళ్ళోవాళ్ళ బట్టల ముడతలన్నీ తీస్తావు. నీ మొహం మీదవెప్పుడు తీస్తావయ్యా?"

"అవి నువ్వు పెట్టినవే. ఏ పెట్టెకూ లొంగవు."

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గుండె కుదుటపడింది. ఊపిరితిత్తులే మొండికేశాయి. కఫం నిండి, నోట్లోని శ్వాసగొట్టం తీస్తే ఊపిరి ఆడక, మళ్ళీ వేశారు.

"నిజంగా మానేశాడా అమ్మా?" డాక్టరు మళ్ళీ అడిగాడు.

"నా మాట నమ్మండి సార్," అని ఏడ్చింది. ఐసీయూ అద్దం ఇవతల నిలబడి, అతని ఛాతీ లేచినప్పుడల్లా తనూ ఊపిరి పీల్చేది. అంతకంటే ఆమె చేయగలిగిందేమీ లేదు. ఒక ఉదయం నర్సు బయటికి వచ్చి ఆమె చేయి పట్టుకుంది.

అంతా అయ్యాక, ఇస్త్రీపెట్టె కావాలని ఎవరో అడిగారు. ఇచ్చేముందు బూడిద దులుపుదామని ఆమె మూత ఎత్తింది. లోపలికి వంగి చూసింది.

"ఒట్టేశాను కదయ్యా," అంది.

చల్లారిన బూడిద మీద సగం కాలిన సిగరెట్, చివర అతని పంటి గాటుతో, అలాగే పడి ఉంది.