కృష్ణమ్మ ముట్టని బందూకు

ఆ సాయంత్రం దుర్గయ్య మలక్‌పేట నుంచి తిరిగొచ్చేసరికి ముఖం మాడిపోయి ఉంది. భుజాన ఉన్న బందూకును గడప పక్కన ఆనించి, లోపలికొస్తూనే గోడ మీద విరుచుకుపడ్డాడు. మనిషి మీద కాదు, గోడ మీదే. కిషన్‌బాగ్‌లో ఆయన రెండు గదుల ఇంటికీ, తమ్ముడు ఈశ్వరయ్య బర్రెల కొట్టానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క గోడే.

"ఈ తడి గోడతోనే నా బతుకు ఆగమైంది. బందూకులు బాగుచేసే మురళి గొట్టంల లైటు పెట్టి చూసి, ఇంక రిపేరు కాదన్నడు. లోపలంత తుప్పు తిని గుంటలు పడ్డయంట. పేలిస్తే గొట్టం పగుల్తదంట. రేపు పది గంటలకు బ్యాంకుల చూపెట్టాలె. లేకుంటే వేరే గన్‌మ్యాన్‌ను పెట్టుకుంటరు."

కృష్ణమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. ఇరవై రెండేళ్ల కొలువు అది. సొంత లైసెన్సు, సొంత బందూకు ఉన్నవాడికే ఇస్తారు. బందూకు లేకపోతే దుర్గయ్య ఉత్త దుర్గయ్యే.

ఆ బందూకుకు చేసిన సేవలో పావు వంతు కట్టుకున్నదానికి చేశాడా? రామ రామ! శుక్రవారం వస్తే చాలు, గొట్టంలోంచి నూనె గుడ్డ లాగాల్సిందే. వానాకాలమైతే రెండు రోజులకోసారి. రెగ్జిన్ కవర్లో పెడితే లోపల చెమ్మ పడుతుందని బీరువాలో విడిగా నిలబెట్టేవాడు. మనిషి చేతి చెమటలో ఉప్పుంటుందట, అది తగిలితే ఇనుము తుప్పు పడుతుందట. బందూకు కొన్న ఏడాది, దుమ్ము పడిందని కృష్ణమ్మ కొంగుతో తుడిచింది, అంతే. చెంప మీద ఐదు వేళ్లూ తేలాయి. ఇంకోసారి చెయ్యి పెడితే చెయ్యి ఇరగ్గొడతానన్నాడు. అన్నవాడు మరిచిపోయాడు. పడ్డది మరిచిపోలేదు.

ఇంత జాగ్రత్త మనిషి బందూకు ఎలా పాడైందయ్యా అంటే, దసరా పూజతో. ఆయుధపూజ నాడు ఏటా దానికి తడి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయ కట్టేవాడు. తెల్లారి తనే తుడిచి నూనె పట్టించేవాడు. ఈసారి పూజ అయిన గంటకే కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు. ఆటో వచ్చేలోగా, ఆయుధం బయట ఉండకూడదని, తడి పసుపుతో, దండతో, నిమ్మకాయతో సహా కవర్లో దూర్చి జిప్ లాగాడు. బీరువాకు తాళం వేసి, తాళంచెవి పెళ్లాం చేతిలో పడేశాడు. ఆపరేషనయ్యి ఇరవై రోజులు దవాఖానలో ఉండి, నిన్ననే వచ్చి కవర్ విప్పితే కుళ్లిన దండ కనబడింది. అయినా తన తప్పు కనబడితే కదా! గోడ తడే కనబడింది.

ఇప్పుడు గడ్డపార పట్టుకుని వాకిట్లోకి దూకాడు. అవతలివైపు గోడకు ఆనుకుని ఉన్న బర్రెల నీళ్ల తొట్టిని పగలగొడతానని బయలుదేరాడు. ఈశ్వరయ్య పాలక్యాను కింద పెట్టి అడ్డమొచ్చాడు.

"అన్నా, ఇది పగిలితే పదకొండు బర్రెలకు నీళ్లెట్ల?"

"నా కొలువు పోతున్నది. నీ బర్రెలు చావనీ."

ఇరవై రోజులూ పొద్దునా సాయంత్రం దవాఖానకు గంజి మోసింది ఈ ఈశ్వరయ్యే. కృష్ణమ్మకు కడుపు మండిపోయింది. చేట పక్కన పెట్టి గడపలోకి వచ్చింది.

"గోడనెందుకు అంటవ్, తమ్మున్నెందుకు అంటవ్? నువ్వు దవాఖానల పడ్డ మూడో దినమే చూసిన నేను."

గడ్డపార ఆగింది.

"ఏం చూసినవే?"

"నీ ఆధార్ కార్డు కోసం బీరువా తీసిన. కవర్ కింద ఎర్రనీళ్లు కారుతున్నయ్. జిప్ జానెడు తీసి చూస్తే, పసుపు కింద తుప్పు లేస్తున్నది. అప్పటికింకా పైపైనే ఉండె. మళ్ల జిప్ పెట్టి తాళమేసిన."

"ఓ గుడ్డతోని తుడువనీకి ఏం రోగమొచ్చింది నీకు? నూనె సీసా ఆడనే ఉండె గద."

"ఉండె. చెయ్యి పెడితే ఇరగ్గొడతనంటివి."

"అది ఎప్పటి మాట?"

"నీకు ఎప్పటిదో. నాకు నిన్నటిదే."

"గంత భయపడ్డవా?"

"మొదటి దినం భయమే," అంది కృష్ణమ్మ. "తర్వాత భయం కాదు. దినాం తాళంచెవి చేతుల పట్టుకుని కూసున్న. నీ కొలువు పోతే నా ముద్ద గూడ పోతదని తెలుసు. తెలిసే తుడువలే."

దుర్గయ్య ముఖం నల్లబడింది. గడ్డపార పైకి లేచింది, ఈసారి తొట్టి వైపు కాదు. ఈశ్వరయ్య వెనక నుంచి అన్న రెండు చేతులూ పట్టేశాడు.

కృష్ణమ్మ ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. గడప పక్కనున్న బందూకు కవర్ లాగేసి, ఇరవై రెండేళ్ల తర్వాత గొట్టం మీద అరచెయ్యి పూర్తిగా ఆనించింది. తుప్పు చేతికి కారంలా అంటుకుంది. ఆ చెయ్యి మొగుడి ముందుకు చాపింది.

"ఇగో, పెట్టిన. ఇరగ్గొట్టు."

దుర్గయ్య చేతిలోంచి గడ్డపార ఈశ్వరయ్యే తీసుకున్నాడు. దుర్గయ్య వచ్చి గడప మీద కూలబడి, బందూకును ఒళ్లోకి లాక్కుని, లుంగీ అంచుతో రుద్దడం మొదలుపెట్టాడు. ఎంత రుద్దినా గుంటలు గుంటల్లాగే ఉన్నాయి.

"నూనె సీసా ఇయ్యే," అన్నాడు తలెత్తకుండా.

కృష్ణమ్మ చేతులు కడుక్కుని, చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"బీరువాల ఉన్నది," అంది. "నేను ముట్ట."