అత్త దగ్గర వంతు

చిన్నదానికి చిక్కుముడి కనిపిస్తే చేతులు ఊరుకోవు. తను పనిచేసే కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళను వీధులవారీగా వేరుచేయడానికి అందరూ తలలు పట్టుకుంటుంటే, నాలుగు లైన్ల ప్రోగ్రాం రాసి చిటికెలో తేల్చేసింది. పేపర్లో వచ్చే అంకెల పజిల్‌కి ఇంకొకటి రాసింది. "నీ కంప్యూటర్ డబ్బాకి కూరలు తరగడం కూడా నేర్పవే, నా నడుం బతుకుతుంది" అనేది మేనత్త. తల్లి పోయాక అన్న, అక్క, చిన్నది ముగ్గురినీ పెంచింది ఆమే.

ఆ మేనత్తకే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. గొంతులో కఫం చేరినప్పుడల్లా గొట్టం పెట్టి మిషన్‌తో లాగెయ్యాలి. లేకపోతే ఊపిరాడదు. పగలు ఆయా చూసుకునేది. ఆమె వెళ్ళాక తెల్లారేదాకా ముగ్గురిలో ఒకరుండాలి. ముగ్గురి ఇళ్ళూ తలో మూల. ఎవరు రావాలన్న దగ్గరే రోజూ రచ్చ.

"నిన్నంతా నేనేగా కూర్చుంది," అనేది అక్క.

"కూర్చున్నావా, పడుకున్నావా?" అనేవాడు అన్న.

విసుగెత్తి చిన్నది వంతుల ప్రోగ్రాం రాసింది. వంతు వచ్చినవాళ్ళ ఫోనుకి మధ్యాహ్నం మెసేజ్ వెళ్తుంది. కుదరకపోతే 'రాలేను' అని నొక్కితే వంతు తర్వాతివాళ్ళకి పోతుంది. ఎవరు కాదన్నారో చూపిస్తే మళ్ళీ గొడవేనని అది దాచేసింది. ముగ్గురూ కాదంటే మెసేజ్ అలా తిరుగుతూనే ఉంటుందని, ఒక చుట్టు కాగానే ఆగిపోయేలా ఒక లైను చేర్చింది. ఆగాక ఏం చెయ్యాలో రాయలేదు. అంతదాకా ఎందుకొస్తుందిలే అనుకుంది.

తగువులు తగ్గాయి. "ఈ పెద్దమనిషి నయం, మొహం చూసి తీర్పు చెప్పదు," అన్నాడు అన్న. అక్క కూడా నవ్వింది.

ఆ గురువారం ఆఫీసుకి లారీ ఆలస్యంగా వచ్చింది. పార్సిళ్ళు గుమ్మందాకా పేరుకున్నాయి. ఫోను మోగితే చిన్నది 'రాలేను' నొక్కి మళ్ళీ పనిలో తలదూర్చింది. అన్నో అక్కో ఉంటారు కదా.

మర్నాడు పొద్దున్నే ఆయా ఫోన్ చేసింది.

"అమ్మా, రాత్రి అత్తమ్మగారి దగ్గర ఎవరున్నారు?"

చిన్నది వెళ్ళేసరికి ఊపిరి ఆగిన అత్త మంచానికి అన్నా అక్కా చెరోవైపు నిలబడి ఉన్నారు. కఫం తీసే గొట్టం కొక్కేనికి పొడిగా వేలాడుతోంది.

"నేను రాలేనని నొక్కానుగా," అన్నాడు అన్న.

"నేనూ నొక్కాను. ఎవరూ లేరని అది చెప్పొద్దూ?" అంది అక్క.

అన్న కాసేపు ఆలోచించి చెల్లెలి తల నిమిరాడు. "బాధపడకే. కంప్యూటర్ అన్నాక పొరపాట్లుంటాయి. మనమేం చేస్తాం?"

ఆ మాట పట్టుకుంటే ముగ్గురూ ఒడ్డున పడతారని చిన్నదానికి అర్థమైంది. అక్క అప్పటికే తలూపుతోంది.

"అది పొరపడలేదన్నయ్యా. నేను రాసినట్టే చేసింది. నేనూ రాలేననే నొక్కాను."

అన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మధ్యాహ్నం, ఇంటినిండా జనం ఉండగా, చిన్నదాని ఫోను మోగింది. 'ఈ రోజు మీ వంతు.' దాన్ని ఆపడం ఎవరికీ గుర్తులేదు. అన్నా అక్కా ఇటు చూశారు.

ఆమె ఫోను బోర్లా పెట్టి, స్టూలు లాక్కుని అత్త పక్కన కూర్చుంది.