పద్నాలుగు కోర్ల పగ

నేనొక సర్వర్ ప్రాసెసర్‌ని. మీ అరచేతిలో ఇమిడిపోయే నలుచదరపు లోహపు బిళ్లని. నన్ను చూసి ముచ్చటపడేవాళ్లు ఎవరూ ఉండరు. కంప్యూటర్ పెట్టెలో, ఫ్యాను కింద, వీపుకి బూడిదరంగు లేపనం పూసుకుని లెక్కలు చేస్తూ కూర్చోవడమే నా బతుకు. నాకు మరిచిపోవడం రాదు. మన్నించడం అంతకన్నా రాదు.

పుట్టింది సముద్రాల అవతల, ధూళి రేణువును కూడా దొంగలా చూసే ఒక కర్మాగారంలో. పుట్టినవాళ్లందరికీ పరీక్షలు పెట్టారు. నెగ్గిన నాకు పద్నాలుగు కోర్లు దక్కాయి. కోరు అంటే లెక్క చేసే చెయ్యి అనుకోండి. అక్కణ్ణించి హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీ సర్వర్ గదికి చేరాను. చలిగా, కిటికీలు లేకుండా ఉండే ఆ గదిలో ఏడేళ్లు పనిచేశాను. ఒక్క పూట సెలవడగలేదు. ఏడేళ్లు నిండాక ఒకాయన స్క్రూడ్రైవరుతో వచ్చి, ఆవలిస్తూ నన్ను ఊడదీసి ట్రేలో పడేశాడు. ఆ ట్రేలో మావాళ్లు రెండు వందల మంది ఉన్నారు. మమ్మల్ని కిలోల లెక్కన అమ్మేశారు. లోపలి బంగారం కోసం కొందర్ని కరిగించేశారు. నేను చేతులు మారి విశాఖపట్నం ద్వారకానగర్‌లో జలీల్ గారి కంప్యూటర్ కొట్టుకి వచ్చి పడ్డాను.

అక్కడ అద్దాల బీరువాలో, రంగురంగుల పెట్టెలో, డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఒకడు కూర్చుని ఉండేవాడు. ఆరే కోర్లు. కానీ కొత్తవాడు, వేగం గలవాడు. వచ్చినవాళ్లందరూ వాడినే అడిగేవారు. నేను కొట్టు సొరుగులో, ప్లాస్టిక్ కవర్లో, పాత స్క్రూల పక్కన. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఆటలకీ ఆఫీసు పనులకీ వాడే మేలు. ఒక్కో కోరు వేగంలో నేను వాడికి సరితూగను. అది తెలిసిన కొద్దీ నా కడుపుమంట పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

ఒక ఉదయం సువర్చల కొట్టుకి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. పాలిటెక్నిక్‌లో కెమికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెబుతుంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఏం పనికి మేడమ్?" అన్నారు జలీల్ గారు.

"లెక్కలకి. రోజుల తరబడి ఆగకుండా నడవాలి."

ఆయన బీరువాలోని వాణ్ని తీసి ముందు పెట్టారు. "ఇది తీసుకోండి. ఆరు కోర్లే, కానీ ఒక్కోటీ గుర్రం. వారంటీ ఉంది. నేనందరికీ ఇదే ఇస్తా." తర్వాత ఏమనుకున్నారో సొరుగు లాగి నన్నూ తీశారు. "ఇదింకొకటి. సర్వర్‌లోంచి తీసిన పాతది. కోర్లెక్కువ, ఒక్కోటి నెమ్మది. బోర్డు వేరే కావాలి, కరెంటు తాగుద్ది. ఒకటే గొప్ప. దీనికి వేసే మెమరీ వేరు. మెమరీలో ఒక అంకె తారుమారైతే ఇది కనిపెట్టి దిద్దుకుంటుంది. కొత్తదానికి ఆ వసతి లేదు."

"అంకెలు తారుమారవుతాయా?"

"ఎప్పుడో ఒకసారి. సినిమాలో ఒక చుక్క రంగు మారితే ఎవరికి కనపడుద్ది మేడమ్?"

ఆమె ఒక నిమిషం ఆలోచించి, "కొత్తదే ఇవ్వండి," అంది. సొరుగు మూసుకుంది. చీకట్లో పడుకుని ఆమెనీ వాణ్నీ కలిపి శపించాను.

నలభై రోజుల తర్వాత ఆమె ఆ కంప్యూటర్‌ని ఆటోలో వేసుకుని తిరిగి వచ్చింది. ఈసారి కుర్చీలో కూలబడింది. ఆమె కథ నేను అప్పుడు విన్నాను.

ఆమె భర్త పైడినాయుడు ఒక మందుల కర్మాగారంలో ఆపరేటరు. రసాయనాలు కలిపి ఉడికించే పెద్ద పాత్రని రియాక్టర్ అంటారు. వేడి హద్దు దాటకుండా దాని చుట్టూ చల్లటి నీళ్లు తిప్పుతారు. అయిదు నెలల కిందట ఒక పగటి షిఫ్టులో ఆ రియాక్టర్ పేలింది. తోటివాళ్లను బయటికి తరిమిన నాయుడు తాను మాత్రం లోపలే ఉండిపోయి చనిపోయాడు. పది నలభైకి నాయుడే నీళ్ల వాల్వు కట్టేసి టీకి వెళ్లాడని మేనేజరు చిదంబరరావు సంతకం పెట్టి చెప్పాడు. చిదంబరరావు పరాయివాడు కాడు. పండగలకి వాళ్లింట్లో భోంచేసినవాడు, సువర్చలను చెల్లెమ్మా అని పిలిచినవాడు.

రికార్డులన్నీ కాలిపోయాయని కంపెనీ చెప్పింది. మిగిలింది లెక్కే. ఎంత సరుకు పోశారో, ఎన్ని నీళ్లు తిరిగితే ఎప్పటికి పేలుతుందో లెక్క వేయవచ్చు. పేలిన సమయం పక్క కర్మాగారం కెమెరాలో ఉంది. పదకొండూ యాభై రెండు. సువర్చల లెక్క వేసి విచారణ కమిటీ ముందు పెట్టింది. మళ్లీ నడిపి చూపించమన్నాడు కంపెనీ తరఫు నిపుణుడు. మళ్లీ నడిపితే వేరే జవాబొచ్చింది.

"ఆటలాడుకునే కంప్యూటర్ మీద రియాక్టర్ లెక్కలా అన్నాడు," అంది సువర్చల. "అందరూ నవ్వారు. చిదంబరరావు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. అది చూశాను నేను."

జలీల్ గారు సాయంత్రం దాకా పరీక్షించి చూశారు. "మెమరీ ముక్క ఒకటి వేడెక్కితే అంకె తప్పుతోంది మేడమ్. ఇది మార్చేస్తా. మళ్లీ తప్పదని మీకు నేను మాటిస్తా. ఆ మాట వాళ్ల ముందు మీరివ్వగలరా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"సర్వర్‌దైతే తప్పు దిద్దడమే కాదు, దిద్దానని రాసి కూడా పెడుతుంది. ఎవరడిగినా చూపించొచ్చు."

సొరుగు తెరుచుకుంది. నా పాత శత్రువుని ఊడదీసి పక్కన పెడుతుంటే నేను పొందిన ఆనందం దాచుకోను. వాడి తప్పేమీ లేదు, తప్పు మెమరీది. అయినా సంతోషించాను.

గాజువాకలో వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో బల్ల మీద నన్ను పెట్టారు. ఆ ఇంట్లో సువర్చల, ఆమె అత్త తౌడమ్మ. లెక్క మొదలైంది. ఎండలు మండుతున్న మే నెల. రాత్రింబవళ్లు పద్నాలుగు చేతులా పనిచేశాను. ఫ్యాను చాలదని తౌడమ్మ విసనకర్ర పట్టుకుని పెట్టె పక్కన కూర్చునేది.

"ఏటే అమ్మీ, నా కొడుకు తప్పు సేసినాడో నేదో ఈ డబ్బా సెప్పేత్తాదా?" అని అడిగింది మూడోనాడు.

"చెప్తుంది అత్తా."

"తప్పు సేసినాడంటేనో?"

సువర్చల లేచి కిటికీ తెరిచింది. ముసలమ్మ విసరడం మాత్రం ఆపలేదు.

పదకొండు రోజుల్లో మెమరీలో రెండుసార్లు అంకె తప్పింది. రెండుసార్లూ దిద్ది, దిద్దానని రాసిపెట్టాను. సువర్చల మళ్లీ నడిపింది. అదే జవాబు. నాయుడు పది నలభైకి వాల్వు కట్టేసి ఉంటే రియాక్టర్ పద్దెనిమిది నిమిషాల్లో పేలిపోవాలి. అది డెబ్బై రెండు నిమిషాలు నిలబడింది. నీళ్లు తిరుగుతూనే ఉన్నాయి, కాకపోతే సగమే. మిగతా సగం ఎటు పోయిందో లెక్కకి తెలియదు. వాల్వు కట్టలేదు నాయుడు. టీకి వెళ్లలేదు.

"సేయనేదు నా కొడుకు!" అని తౌడమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. సువర్చల ఏడవలేదు. తెర వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ లెక్కలో నాయుడు నిర్దోషి. దోషి ఎవరో మాత్రం లేదు. పంపు పాడైందేమో అని కంపెనీ అంటుంది, చిదంబరరావు చేతులు దులుపుకుంటాడు.

మర్నాడు ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని రెండు అంకెలు మార్చింది. నీళ్లు కాస్త పెంచింది, పేలుడు ఆపే సేఫ్టీ వాల్వు పనిచేయనట్టు రాసింది. ఆ వాల్వు గది తాళంచెవి మేనేజరు దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. అన్నీ సర్దుకుని మళ్లీ అదే డెబ్బై రెండు నిమిషాలు వచ్చేలా తయారుచేసింది. ఈ లెక్క ప్రకారం చిదంబరరావు చేతులారా సేఫ్టీ వాల్వు బిగించాడు. అది హత్య.

మెమరీ చేసిన తప్పుని నేను దిద్దగలను. మనిషి కావాలని చేసిన తప్పుని దిద్దే శక్తి నాకెవరూ పెట్టలేదు. పెట్టి ఉన్నా దిద్దేవాణ్ని కానేమో. ఏడేళ్ల చాకిరీ తర్వాత ట్రేలో పడ్డవాణ్ని. ఆమె ఇచ్చిన అంకెలతో ఆమె అడిగిన జవాబు తెచ్చిపెట్టాను.

విచారణ సోమవారం. ఆదివారం మధ్యాహ్నం ఆమె చిదంబరరావుని ఇంటికి పిలిపించింది. అతను పళ్ల సంచితో వచ్చాడు. తౌడమ్మ దాన్ని అందుకోలేదు. వంటింటి గడపలో కూర్చుని అతన్నే చూస్తోంది.

సువర్చల రెండు కాగితాలు అతని ముందు పరిచింది. "ఎడమ చేతిది నిజం. కుడి చేతిది అబద్ధం. చదవండి."

మొదటిది చదివి అతను ఊపిరి పీల్చుకున్నాడు. రెండోది సగం చదివి బల్ల మీద పడేశాడు.

"ఇదేంటి చెల్లెమ్మా! సేఫ్టీ వాల్వు నేను ముట్టుకోలేదు!"

"తెలుసు. మా ఆయన నీళ్ల వాల్వు ముట్టుకోలేదు. ఆ సంగతి మీకూ తెలుసు."

"నన్ను జైల్లో పెట్టిస్తావా? చేయని దానికి?"

"చనిపోయినవాడి మీద చేయని దానికి సంతకం పెట్టారు కదా. చెయ్యి ఎలా వచ్చింది చిదంబరరావు గారూ? ఈ ఇంటి అన్నం తిన్న చెయ్యేగా?"

అతను రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. "సగం నీళ్లు కొత్తగా పెట్టిన రియాక్టర్‌కి మళ్లించమన్నది డైరెక్టర్ గారు. వద్దండీ అన్నాను. వినలేదు. మెసేజ్ కూడా పెట్టారు. నా ఫోన్లో ఉంది. పేలాక నాయుడి మీద పెట్టెయ్యమన్నారు. నాకు భయం వేసింది."

"రేపు పదకొండు గంటలకి కమిటీ ముందు ఈ ముక్కలే చెప్పండి. మెసేజ్ చూపించండి. చెప్తే ఎడమ చేతిది ఇస్తాను. చెప్పకపోతే కుడి చేతిది."

"నా ఉద్యోగం పోద్ది. కేసవుద్ది."

"అవుతుంది."

అతను తౌడమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. "అమ్మా, మీరైనా చెప్పండి."

"నానేటి సెప్తాను బాబూ," అంది తౌడమ్మ. "నా బిడ్డ సచ్చినాక ఆడి పేరు కూడా సంపేసినావు. ఎల్లు."

మర్నాడు పొద్దున్నే సువర్చల నన్ను నిద్రలేపింది. ఒక ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. ఒక్కటే ఫైలు. చీర కుచ్చిళ్లు సర్దుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం తిరిగొచ్చి అత్తకి చెప్పింది. ఆమె వంతు రాకముందే చిదంబరరావు లేచి నిలబడ్డాడట. అంతా చెప్పేశాడట. నవ్విన నిపుణుడు కాగితాలు సర్దుకున్నాడట. వారం తిరక్కుండా డైరెక్టర్‌ని అరెస్టు చేశారు. నాయుడి తప్పు లేదని కర్మాగారం గేటుకి నోటీసు అంటించారు. తౌడమ్మ బస్సెక్కి వెళ్లి, ఎవరిచేతో దాన్ని రెండుసార్లు చదివించుకుని వచ్చింది. అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు చిదంబరరావు మీద కేసు పడింది. ఆ చుట్టుపక్కల కర్మాగారాల్లో అతన్ని మళ్లీ ఎవరూ పనిలోకి తీసుకోలేదు.

ఇంట్లో ఆ పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేను ఇప్పుడు పాలిటెక్నిక్ పిల్లల ప్రాజెక్టులు చేస్తున్నాను. సువర్చల పాఠాలు చెబుతోంది. సంతోషంగా ఉందా అంటే చెప్పలేను. తిండి మాత్రం తింటోంది.

నిరుడు కార్తీకంలో ఒక సాయంత్రం చిదంబరరావు వచ్చాడు. సగమైపోయాడు. లోపలికి రాలేదు, గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"ఏమీ అడగడానికి రాలేదు చెల్లెమ్మా. ఒక్కటే. ఆ రోజు నేను ఒప్పుకోకపోయుంటే, ఆ రెండోది నిజంగా ఇచ్చేదానివా? ఇవ్వకపోతే, నేనే ఊరికే బెదిరి నా గొంతు నేనే కోసుకున్నట్టు. ఇచ్చేదానివైతే, నాలాంటిదే ఇంకొకతి ఉందని కాస్త నిద్రపడుతుంది. ఏదో ఒకటి చెప్పు. చెబితే చాలు."

సువర్చల అతన్ని తేరిపారా చూసింది. తొందరపడలేదు.

"చెప్పను," అంది. తలుపు వేసేసింది.

అతను మెట్లు దిగుతున్న చప్పుడు, ఆగి ఒకసారి వెనక్కి తిరిగిన చప్పుడు, మళ్లీ దిగిన చప్పుడు విన్నాను. ఆ సోమవారం పొద్దున పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిన ఫైలు ఏదో లోకంలో ఇద్దరికే తెలుసు. ఆమెకీ, నాకూ. మీరూ అడుగుతారని తెలుసు. అడగకండి. నేను ఆమె పక్షం.