ఫోన్లకు బొట్టు పెట్టిన దసరా

దసరా పొద్దున నేను వర్క్‌షాపుకు చేరేసరికి ఆయుధపూజ అయిపోయింది. గోదావరిఖని బస్టాండులో పండుగ రద్దీకి బస్సు దొరకలేదు. చివరికి షేర్ ఆటోలో ఇరుక్కుని వచ్చాను. ఒళ్ళో అమ్మ ఇచ్చిన గారెల డబ్బా ఉంది. షెడ్డు ముందు కడిగి పరిచిన టార్పాలిన్ మీద పానాలు, జాకీలు, గ్రీజు గన్నులు వరుసగా పెట్టి ఉన్నాయి. అన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. కొబ్బరినీళ్ళు చల్లిన తడి ఇంకా ఆరలేదు. ఆ వరుస చివర కంపెనీ ఫోన్లు కనిపించాయి.

ఒక్కో ఫోను మొహం మీద మూడు పసుపు గీతలు, కెమెరా మీద కుంకుమ బొట్టు. నేను ఒకటి తీసి బటన్ నొక్కాను. వెలగలేదు. ఇంకోటి తీశాను. అదీ వెలగలేదు. మూడోది కాసేపు వణికి ఆగిపోయింది. చార్జింగ్ పెట్టి చూద్దామని తిప్పితే, వైరు పెట్టే రంధ్రం నిండా తడి పసుపు మెత్తి ఉంది.

మా హెడ్ ఫిట్టర్ పోశం కాక కొబ్బరి చిప్ప పట్టుకుని సంతోషంగా నా దగ్గరికి వచ్చాడు. ఈ రంధ్రంలో పసుపు ఎవరు పెట్టారని అడిగాను.

"నేనే పెట్టిన బిడ్డా. డంపరుకు డీజిల్ పోసే మూతికాడ బొట్టు పెడ్తం గదా. దీనికి అన్నం తినే నోరు గదే. ఏలితోని లోపటికి ఒత్తి మరీ పెట్టిన."

"ఫోన్‌కు పూజ ఎందుకు కాకా?"

"నువ్వే గదా చెప్పినవ్, గిది ఇంట్ల ఫోన్ అసోంటిది గాదు, పానా లెక్క పనిముట్టు అని. మరి పనిముట్టును దసరాకు మొక్కకుంటే ఎట్ల?"

చెప్పింది నేనే. అది కూడా అందరినీ నిలబెట్టి, గొంతు పెంచి చెప్పాను.

మాది ఓపెన్‌కాస్ట్ గని మీద పనిచేసే కాంట్రాక్టు కంపెనీ. బొగ్గు మీది మట్టిని తవ్వి డంపర్లలో బయటికి మోయడం మా పని. ఆ డంపర్ల మరమ్మత్తు ఈ వర్క్‌షాపులో జరుగుతుంది. నేను ఇక్కడ ట్రైనీ ఇంజనీరును. ఉగాది తర్వాత హైదరాబాదులోని మా హెడ్డాఫీసు బజారులో దొరికే మామూలు స్మార్ట్‌ఫోన్లు కొని పంపింది. డంపరు కదిలే ముందు ఫిట్టరు టైర్లు, బ్రేకు పైపులు, ఆయిలు చూసి, ఫోటో తీసి, అక్కడికక్కడే ఫోన్లో నింపాలి. ఇట్లాంటి ఫోన్లు గని పనికి పనికొస్తాయో లేదో చూసి చెప్పే బాధ్యత నాది. పనికొస్తే అన్ని సైట్లలో పెడతారు, నేను పర్మినెంటు అవుతాను. లేదంటే ట్రయల్‌తోపాటు నా పోస్టు కూడా మూసేస్తారు. ఈ మాట హెడ్డాఫీసు నుంచి వచ్చిన జైపాల్ సార్ మొదటిరోజే నా ముందు పెట్టారు. ఆయనే మర్నాడు పొద్దున ఫోన్లు చూడడానికి వస్తున్నారు.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. మా నాన్న రాయమల్లు అండర్‌గ్రౌండు గనిలో, ఇక్కడి మాటలో బాయిలో, చేసి రిటైరయ్యాడు. అక్కడ లోపల గ్యాసు ఉంటుంది కాబట్టి అగ్గిపెట్టె గాని, ఫోన్ గాని ఒంటి మీద లేకుండా తడిమి చూసి దించేవాళ్ళు. కంపెనీయే ఫోన్లు ఇచ్చిందంటే ఆయనకు మింగుడు పడలేదు. "మా బాయిల ఫోన్ దొరికితే నౌకరి మీదికొస్తుండె. మీ కాడ ఫోన్ ఖరాబైతే నౌకరి మీదికొస్తదా?" అన్నాడు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు అదే జరిగేట్టుంది.

నా మొహం చూసి పోశం కాక చిప్ప కింద పెట్టాడు. సంగతి అర్థమయ్యాక తలపాగా తీసి, ఆ టార్పాలిన్ మీదే కూలబడ్డాడు. పూజకు వచ్చిన వాళ్ళంతా చుట్టూ మూగారు. టైర్ల పనిచేసే సదయ్య, పసుపు గాకుండా ఉత్త కుంకుమ పెడితే ఏం కాకపోతుండె అన్నాడు. ఎలక్ట్రీషియన్ సిరాజుద్దీన్ భాయ్ ఒప్పుకోలేదు. తను ముందే గంధం చాలన్నాడట, ఎవరూ వినలేదట. గంధం మాత్రం లోపలికి పోదా అని సదయ్య ఎదురు తిరిగాడు. పసుపా గంధమా అని వాళ్ళిద్దరూ కాసేపు వాదించుకున్నారు. నాకు ఏడుపు రావాల్సిన చోట నవ్వు వచ్చింది.

సిరాజ్ భాయ్ ఒక ఫోను ఎత్తి చెవి దగ్గర ఊపి చూశాడు. "ఫికర్ చెయ్యకు బేటీ. పాణం పోలే. నోట్లె అన్నం ముద్ద ఇరికింది, అంతే. తీద్దాం" అన్నాడు.

అట్లా ఆ దసరా మధ్యాహ్నం మా షెడ్డు ఫోన్ల దవాఖాన అయ్యింది. సిరాజ్ భాయ్ చిన్న స్క్రూడ్రైవర్లు తెచ్చి వెనక మూతలు విప్పుతుంటే, సదయ్య టైర్లకు గాలి కొట్టే పైపు పట్టుకొచ్చాడు. దానితో కొడితే ఫోను రామగుండం స్టేషన్లో తేలుతుందని చెప్పి పంపేశాం. పండుగ భోజనం తెచ్చిన ఆడవాళ్ళు గిన్నెలు దించి చుట్టూ కూర్చున్నారు. పోశం కాక భార్య సారవ్వ తన పుస్తెలతాడుకు ఉన్న పిన్నీసులు తీసి పక్కవాళ్ళకు కూడా పంచింది. ముళ్ళు తీసిన చెయ్యి కదా, ఆమె పట్టుకున్న ఫోనులోంచి పసుపు పూస పూసగా ఊడి వచ్చింది. ఒకామె మటన్ కూర వడ్డిస్తూనే, ఈ చేత్తో ముట్టొద్దు, ఇంకో ఫోను ఆగమైతదని మొగుణ్ణి కసిరింది.

నేను ఫోను అడుగున మైకు దగ్గరి సన్నని రంధ్రాలు శుభ్రం చేస్తున్నాను. పసుపు పోయింది. దాని కింద నల్లగా ఏదో తగిలింది. పిన్నీసుతో గీకితే ముద్దగా వచ్చింది. గ్రీజులో నానిన బొగ్గు పొడి. ఇంకో ఫోను చూశాను. అందులోనూ అదే. సిరాజ్ భాయ్ విప్పిన ఫోన్ల లోపల కూడా సన్నని నల్లపొడి పేరుకుని ఉంది. పసుపు పడింది పొద్దున. ఈ నలుపు నెలల నుంచి పేరుకున్నది. ఇంత మూసుకుపోయిన ఫోన్లతో వీళ్ళు రోజూ ఎట్లా పనిచేశారు? నా దగ్గరికి వచ్చే వివరాలు ఏనాడూ తప్పలేదు. ఫోటోలు కూడా శుభ్రంగా ఉండేవి.

పైకే అడిగాను. సదయ్య పైపు చుట్టే పని పెట్టుకున్నాడు. చివరికి సారవ్వ తల ఎత్తకుండా అంది.

"చెప్పరాదుండ్రి. పిల్లకు తెల్వకుంటే ఎట్ల? బిడ్డా, గా ఫోన్లు ఎండల పనిచేస్తలేవు. గ్లౌజు తొడుక్కుంటె ముట్టినా సప్పుడు చెయ్యవు. ఈయన వాటిని టిఫిన్ డబ్బాల పెట్టి దాస్తడు. డంపర్ల సంగతి సుద్దముక్కతోని రేకు మీద రాసుకుంటడు. షిఫ్టు అయినంక చేతులు సబ్బుతోని కడుక్కొని, డంపర్ల ఫోటోలు తీసి, నీడల కూసొని అందరు కలిసి దాంట్ల నింపుతరు. ఇంటికి ఎందుకు ఆలిశ్యం అని నేను రోజు లొల్లి పెట్టుకుంట."

"ఎండాకాలం జర ఎక్కువ సతాయించినయ్," అన్నాడు పోశం కాక మెల్లగా. "డబ్బా కింద తడిగుడ్డ వేసి సల్లవెట్టినం."

"నాకెందుకు చెప్పలేదు కాకా?"

"చెప్తే నువ్వు ఉన్నది ఉన్నట్టు రాస్తవ్. రాస్తే నీ నౌకరి పోతది. మన రాయమల్లు బిడ్డ కుర్సీల కూసున్నదని మాకు ఖుషీ గాదా?"

ఫోన్లు నెమ్మది అయ్యాయని వాళ్ళు ఎప్పుడైనా అంటే, చేతులు తుడుచుకుని వాడండని చెప్పేదాన్ని. వాళ్ళు తలూపేవాళ్ళు. రోజూ ఒక గంట ఇంటికి ఆలస్యంగా పోయి నా ఉద్యోగాన్ని మోశారు. సంతోషమూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. సారవ్వ నా నోట్లో గారె ముక్క పెట్టి, ముందు తిను, తర్వాత ఏడువు అంది. మళ్ళీ అందరూ నవ్వారు.

సాయంత్రానికి దాదాపు అన్ని ఫోన్లూ వెలిగాయి. వెలిగిన ప్రతిదానికీ ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. జమ్మి ఆకు చేతిలో పెట్టి పోశం కాకకు దండం పెడుతూ, రేపు సార్‌కు జరిగింది జరిగినట్టు చెప్తానన్నాను. ఆయన చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. వద్దని మాత్రం అనలేదు.

జైపాల్ సార్ మర్నాడు ఎండ ముదిరాక వచ్చారు. ఫోను చేతిలోకి తీసుకుని, అంచున మిగిలిన పసుపు చూసి ఇదేమిటన్నారు. పూజ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. అన్నీ పనిచేస్తున్నాయా అని అడిగారు. చేస్తున్నాయి గాని గని పనికి పనికిరావన్నాను. ఆయన కళ్ళద్దాలు తీశారు.

"ఆరునెలల నుంచి నువ్వు పంపిందంతా చూశానమ్మా. ఒక్కరోజు కూడా తప్పలేదు."

"పని తప్పలేదు సార్. కానీ అది ఫోన్ల గొప్ప కాదు, వీళ్ళది. మీరు ఒక్క డంపరు చూసి నింపండి. తర్వాత మీ ఇష్టం."

పోశం కాక ఆయనకు హెల్మెట్, గ్లౌజులు ఇచ్చాడు. మట్టి దించి అప్పుడే వచ్చిన డంపరు ఎండలో నిలబడి వేడి కక్కుతోంది. సార్ నిచ్చెన ఎక్కి ఆయిలు చూశారు. జేబులోంచి ఫోను తీశారు. తెర మీద ఎండ పడి ఏమీ కనిపించలేదు. మొహం దగ్గరికి తెచ్చుకున్నారు. గ్లౌజు వేలుతో నొక్కారు. మళ్ళీ నొక్కారు. గ్లౌజు తీద్దామంటే ఒక చెయ్యి కమ్మీని పట్టుకుని ఉంది, రెండో చేతిలో ఫోను ఉంది. కింద మేమంతా మెడలెత్తి చూస్తున్నాం. చివరికి ఆయన అటూ ఇటూ చూసి, ముక్కుతో నొక్కారు.

తెర కదిలింది. కానీ నాకు ఫోను వెళ్ళింది. నా జేబులో రింగు మోగింది. ఎత్తి, చెప్పండి సార్ అన్నాను. ఇంజను హోరులో ఆయనకు ఏమీ వినిపించినట్టు లేదు. సిరాజ్ భాయ్ వెనక్కి తిరిగి నవ్వు దాచుకుంటూ దగ్గడం మొదలుపెట్టాడు. సార్ కిందికి దిగాక చూస్తే ముక్కు చివర నల్లటి మచ్చ ఉంది. ఎవరమూ చెప్పలేదు. తనే ఫోను అద్దంలో చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. అప్పుడిక మమ్మల్ని ఆపేవాళ్ళు లేరు.

నవ్వు తగ్గాక సుద్దముక్క సంగతి, సబ్బు సంగతి, టిఫిన్ డబ్బాల సంగతి అన్నీ చెప్పాను. సామాన్ల స్టోరులో, టైం ఆఫీసులో ఇవే ఫోన్లు హాయిగా నడుస్తాయని, అక్కడ ఉంచమని, గనిలోకి మాత్రం గ్లౌజుతో నొక్కినా పలికే, దుమ్ము చొరని, ఎండలో కనిపించే గట్టి రకం కావాలని చెప్పాను. ఆయన పోశం కాక వైపు తిరిగి, నువ్వు చెప్పు, ఎట్లాంటిది కావాలన్నారు.

పోశం కాక గొంతు సవరించుకున్నాడు. గ్రీజు చేతికి జారొద్దన్నాడు. ఇంజను మోతల వినబడాలన్నాడు. మీదికెళ్ళి కింద పడ్డా పగలొద్దన్నాడు. మధ్యల మధ్యల ఇంటోళ్ళు ఫోన్ చేస్తే ఎత్తొద్దన్నాడు.

"కాకా, నువ్వు అడిగేది ఫోన్ కాదు, సుత్తె" అన్నారు సార్.

"సుత్తె అయినా ఫరవాలేదు సార్, జర ఫోటో తియ్యాలె."

సార్ కారు దాకా నడిచి, డోరు పట్టుకుని ఆగారు. ట్రయల్ ముగిసింది, నా పోస్టూ పోయినట్టే అనుకున్నాను. గట్టి రకం ఫోన్లు నాలుగు కంపెనీలవి తెప్పిస్తానని, ఒక్కొక్కటి ఇక్కడే వాడి చూడాలని ఆయన అన్నారు. అది చూడ్డానికి మనిషి కావాలి కదా అన్నారు. నాకు అర్థం కాలేదు.

"నీ కన్ఫర్మేషన్ ఈ వారంలో పంపిస్తానమ్మా. కానీ ఈసారి నువ్వు ఆఫీసులో కూర్చుని కాదు, వాళ్ళతో డంపరెక్కి చూడు."

కారు ఇంకా గేటు దాటలేదు. సిరాజ్ భాయ్ అప్పటికే ఎక్కడినుంచో జిలేబీ పొట్లం విప్పాడు. నేను నాన్నకు ఫోన్ చేశాను. పర్మినెంటా అని అడిగాడు. అవునన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అవునన్నాను. అవతల అమ్మతో గట్టిగా చెప్తున్నాడు, ఫోను పట్టుకునే. నాతో మాట్లాడుతున్న సంగతి మరిచిపోయాడు.

"రేపు ఫస్టు షిఫ్టుకు రా బిడ్డా. చీర గాదు, ప్యాంటు తొడుక్కో" అన్నాడు పోశం కాక.

మర్నాడు తెల్లగా వెలుతురు పరుచుకుంటుండగా ఆయన ఇచ్చిన గ్లౌజులు తొడుక్కున్నాను. నా చేతులకు చాలా పెద్దవి, వేళ్ళ చివర్లు ఖాళీగా వేలాడాయి. డంపరు నిచ్చెన మొదటి మెట్టు నా నడుము ఎత్తున ఉంది. కింద నుంచి సదయ్య, మేడం పడిపోతది పట్టుకోండ్రి అంటున్నాడు. పట్టుకోవద్దని చెప్పి, కమ్మీ అందుకుని పైకి లేచాను.