అద్దం మీద కోర్బినియన్

కూతురు ఆఫ్రాకి జ్వరం తగ్గింది గానీ బుర్గాకి బెంగ తగ్గలేదు. పిల్ల తుమ్మినా లేచి కూర్చుంటోంది. మనవరాలు బతికితే కొండమీది మరియమ్మ గుడికి బొమ్మ ఇస్తానని అత్త క్రెషెన్స్ మొక్కుకుంది. ఆ బొమ్మ వెయ్యాల్సింది బుర్గాయే. సరస్సు ఒడ్డున ఆ ఊళ్ళో ఇంటింటా అదే పని. ఆడవాళ్ళు గాజు పలకల మీద పునీతుల బొమ్మలు వేస్తే, మగవాళ్ళు వాటిని వీపున కట్టుకుని కొండలు దాటి అమ్ముకొస్తారు.

బుర్గా మొగుడు కోర్బినియన్ కూడా అలాగే వెళ్ళాడు, కిందటేడు ఈస్టర్ కాగానే. తోటివాళ్ళు మంచు పడకముందే తిరిగొచ్చారు. కనుమ దగ్గర విడిపోయాడన్నారు, అంతే.

మొక్కుబడి బొమ్మలో ఇంటిల్లిపాదీ మోకరిల్లి ఉండాలి. పోయినవాళ్ళు కూడా ఉంటారు, నెత్తిమీద చిన్న ఎర్ర సిలువతో. చూసినవాళ్ళు ఆ ఆత్మకోసం ఒక జపం చెప్పుకుని పోతారు. పాపాలు కాలేదాకా ఉత్తరించు స్థలంలో మంటల్లో ఉండే ఆత్మకి ఆ జపాలతోనే త్వరగా విడుదల.

గాజు బొమ్మని వెనకనుంచి వేస్తారు, ముందునుంచి చూస్తారు. అందుకని పైకి కనబడాల్సినవి మొదటే పడాలి. కనుబొమ్మలు, గుండీలు, సిలువలు ముందు, ఆకాశం ఆఖరున. నీలం పరిచాక ఇక సిలువ పెట్టడానికి ఉండదు. చెక్క మీదైతే ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

"కోర్బినియన్‌కి సిలువ పెట్టావా?" అంది క్రెషెన్స్, ఉల్లిపాయలు తరుగుతూ.

"టోపీ వేస్తున్నానత్తయ్యా."

"మోకరిల్లినవాడికి టోపీ ఏంటే?"

"చేతిలోనే లెండి."

"ఒక్క టోపీకి ఇంతసేపా. వాడు కూడా టోపీ పెట్టుకోడానికి అంతసేపు తీసుకోడు."

బుర్గా నవ్వలేదు. క్రెషెన్స్ కత్తి పక్కన పెట్టింది.

"నాకు మాత్రం ఆశ లేదా అమ్మాయ్? పోయుంటే ఉత్తరించు స్థలంలో ఆ మంటల్లో ఉంటాడు, ఒక్క జపమూ అందక. బతికుంటే సిలువ వాణ్ణేం కొరకదు."

"తిరిగొచ్చి చూస్తే?"

"నవ్వుతాడు. వాడికి నవ్వడానికి ఏదైనా చాలు."

బుర్గా కుంచెని ఎరుపులో ముంచింది. ఊళ్ళో ఎందరి తలల మీదో సిలువలు పెట్టిన చెయ్యి అది, ఏనాడూ ఆగలేదు. పిల్ల ఒళ్ళు కాలిపోయిన రోజుల్లో, వాకిట్లో చప్పుడైతే అతనే అనుకునేది. ఈ గీత గీస్తే ఆపాటి అనుకోవడానికీ ఉండదు. గీయకపోతే, అతను నిజంగా లేకపోతే, ఆ మంటలకి తనే కారణం.

ఎరుపు కడిగేసి నీలం తీసుకుంది. అంచులనుంచి మొదలుపెట్టి పలకంతా పరిచింది, కోర్బినియన్ తలపైన గోరంత చోటు తప్ప.

క్రెషెన్స్ వచ్చి వంగి చూసింది. "ఇదేంటే, వాడి నెత్తిన చిల్లు?"

"అక్కడేం వెయ్యాలో తెలీదత్తయ్యా. తెలిశాక వేస్తాను."

"గుడిలో ఇలాగే తగిలిస్తామా? వచ్చేపోయే ప్రతివాళ్ళూ ఏంటని అడుగుతారు."

"అడగనీండి," అంది బుర్గా. "అతని గురించి అడిగేవాళ్ళే లేరు ఈమధ్య."

క్రెషెన్స్ ఆ చిల్లుకేసి వేలు చూపించింది. "అంచు వంకరపోయింది, సరిచెయ్," అని ఉల్లిపాయల దగ్గరికి వెళ్ళిపోయింది.