గుక్కెడు కాఫీ

క్రేన్ నడిపే ఆయన గుండెకు రెండు ఫొటోలు తీయాలన్నారు. ఒకటి గుండె తీరిగ్గా ఉన్నప్పుడు, ఇంకొకటి రక్తనాళాలను మందుతో బాగా విప్పాక. రెండుసార్లూ నరంలోకి కాస్త రేడియోధార్మిక మందు ఎక్కిస్తారు. రక్తం పారిన చోటికల్లా అదీ పారి, కెమెరాకు వెలుగుగా కనిపిస్తుంది. రక్తం చాలని చోటు మసకబారుతుంది.

ఆ మసక కనబడితే ఆయన ఇక క్రేన్ ఎక్కకూడదు. ఆయన పనిచేసే ఇనుప యార్డు డాక్టరు ఆ మాట తేల్చి చెప్పాకే ఈ ఆస్పత్రికి పంపాడు.

మొదటి ఫొటో అయింది. రెండోదానికి పిలుస్తాం, బయట కూర్చోమన్నారు. బాత్రూముకని వెళ్లిన మనిషి తిరిగొచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది ఆయన వాలకం. ఆమె ముక్కు ఊరుకుంటుందా?

"కాఫీ తాగారా?"

"మెల్లగా అనవే. గుక్కెడే."

"కాఫీ, టీ ముట్టొద్దని ఆ కెమెరా అమ్మాయి నెత్తీ నోరూ బాదుకుందిగా!"

"అందుకే తాగా. గడ్డం చెప్పాడు. కాఫీ పడితే ఆ మందు పనిచెయ్యదట. రెండు ఫొటోలూ ఒక్కలాగే వస్తాయట. పోయినేడు వాడూ అలాగే గట్టెక్కాడు."

గడ్డం అంటే యార్డులో రెండో క్రేన్ నడిపేవాడు.

"గట్టెక్కింది వాడా, వాడి రోగమా?"

"నీకేం తెలుసే? వయసంతా ఆ పైనే గడిపా. ఇప్పుడు గేటు దగ్గర కుర్చీ వేసి లారీలు లెక్కపెట్టుకోమంటే, పెట్టుకోనా?"

ఇనుప దూలాలు గాల్లో వేలాడుతుండగా ఛాతీ పట్టేసిందని, కింద ఒక్కడికీ తెలియలేదని, ఆ మధ్య ఆయనే నవ్వుతూ చెప్పాడు. ఆమెకు అప్పుడూ నవ్వు రాలేదు.

కెమెరా దగ్గరి అమ్మాయి తలుపు తీసింది. "రండి అంకుల్. కాఫీ, టీ ఏం తాగలేదుగా?"

"అబ్బే!"

"తాగారమ్మా," అంది భార్య. "ఇప్పుడే."

అమ్మాయి నుదురు కొట్టుకుంది. "అయితే ఇవాళ మందిచ్చి లాభం లేదు. రేపు రండి."

బస్సులో ఆయన పళ్లు నూరాడు. "నువ్వు నా పెళ్లానివా, ఆ డాక్టరు సాక్షివా?"

"పెళ్లాన్ని కాబట్టే చెప్పా. సాక్షినైతే నాకెందుకులే అనుకునేదాన్ని."

మర్నాడు మొండికేస్తాడనుకుంది. ఆయన ఆమెకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"పద. దొంగనైంది చాలదూ, మళ్లీ పిరికివాణ్ని కూడానా?"

రెండోదీ తీశాక ఆస్పత్రి డాక్టరు రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూపించాడు. మొదటిది నిండుగా ఉంది. రెండోదాంట్లో అడుగున ఎవరో కొరికినట్టు మసక.

"కండ బతికే ఉంది. పని పడినప్పుడే రక్తం చాలట్లేదు. నాళం ఎక్కడ సన్నబడిందో చూసి, వీలైతే తెరుద్దాం. అప్పటిదాకా క్రేన్ వద్దు."

"తెరిచాక?"

"అప్పుడు చూద్దాం. మాటివ్వలేను."

ఆయన తలూపాడు. వరండాలోకొచ్చి యార్డుకు ఫోన్ చేశాడు. భార్య చేతిసంచీ పట్టుకుని పక్కనే నిలబడింది.

"సోమవారం నుంచి నా క్రేన్‌కి ఇంకొకణ్ని చూసుకోండి," అన్నాడు. కాసేపు అవతలి మాట విన్నాడు. "ఆఁ, ఇంకో మాట. నా కాళ్లు పొడుగు కదా, సీటు బాగా వెనక్కి జరిపేసుకున్నా. ఎవరెక్కినా ముందుకు లాక్కోమనండి."